ఎండల్లో బ్రాయిలర్ కోడికి పసుపు, మునగాకు పనిచేస్తాయా?

ఇక్కడ ఖతార్‌లో డ్యూటీ చేసుకుంటూ, ఊళ్లో ఇంటివాళ్ల చేత బ్రాయిలర్ షెడ్డు నడిపిస్తున్నవాళ్లు మన శ్రోతల్లో ఉన్నారు. వాళ్ల ప్రశ్న ఒకటే: "దాణాలో కలపమని మూలికల పొడి అమ్ముతున్నారు, డబ్బు పంపమంటారా?" ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఇక్కడ లెక్కతో సహా రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడమే దానికున్న ముఖ్యమైన దారి. నాలుగు వారాలు దాటిన బ్రాయిలర్‌కు 21 నుంచి 24 డిగ్రీలు హాయి. మే నెలలో కరీంనగర్‌లోనైనా, జులైలో దోహాలోనైనా బయట 45 దాకా వెళ్తుంది. 2017 జూన్ 5న పొరుగు దేశాలు దిగ్బంధం పెట్టాక ఖతార్ తన పాలు, తన కోళ్లు తానే పెంచుకోవాలని పట్టుబట్టింది. ఇంత ఎండలో అది కుదరాలంటే మూసిన షెడ్లు, తడి కూలింగ్ ప్యాడ్లు, పెద్ద ఫ్యాన్లు తప్పవు. మన దగ్గర చాలా షెడ్లు పక్కలు తెరిచినవే.

వేడి ఎక్కువైతే కోడి ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు అవి కణాల పైపొరలోని కొవ్వును పాడుచేస్తాయి. మేత తగ్గుతుంది, బరువు రాదు, పేగు బలహీనపడి రోగాలు వస్తాయి. ఆ తుప్పును ఆపేవే యాంటీఆక్సిడెంట్లు. కంపెనీ దాణాలో విటమిన్ ఇ, సెలీనియం వేసేది అందుకే.

మొక్కల్లోనూ ఈ గుణం ఉంది. పసుపులో కర్క్యుమిన్, వాములో థైమాల్, ఇక్కడ బేకరీల్లో రొట్టె మీద చల్లే జాతర్ ఆకులో కార్వక్రాల్, అరబ్బులు హబ్బతుస్సౌదా అనే నల్ల జీలకర్రలో థైమోక్వినోన్. వీటి మీద పరిశోధన పెరగడానికి ఒక కారణం యాంటీబయాటిక్స్ మీద ఆంక్షలు. ఎదుగుదల కోసం వాటిని మేతలో కలపడాన్ని యూరప్ 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని మన దేశం 2019 జులైలో నిషేధించింది.

మరి ఫలితం? కొన్ని పరీక్షల్లో బరువు పెరిగింది, కొన్నింటిలో తేడా లేదు. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మునగాకులో పీచు ఉంటుంది, ఎక్కువ వేస్తే కోడి మేతే తగ్గిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 5,000 కోళ్ల బ్యాచ్, ఒక్కోటి మూడున్నర కిలోల దాణా తింటే మొత్తం 17,500 కిలోలు. కిలో దాణాకు 5 గ్రాముల పసుపు అంటే 87.5 కిలోలు. కిలో 150 రూపాయలనుకుంటే ఖర్చు 13,125. కోడి 2 కిలోలు తూగి, కిలో బరువుకు 50 గ్రాముల దాణా ఆదా అయితే 500 కిలోలు మిగులుతుంది. దాణా కిలో 40 అనుకుంటే 20,000 రూపాయలు, అంటే లాభమే. ఆదా 20 గ్రాములే అయితే 8,000, అంటే నష్టం.

ఇంకో మాట. కంపెనీతో ఇంటిగ్రేషన్‌లో ఉంటే పిల్ల, దాణా, మందు వాళ్లవే. వాళ్లను అడక్కుండా ఏదీ కలపొద్దు, పేచీ వస్తుంది. సొంత బ్యాచ్ అయితే షెడ్డులో సగానికి తడిక కట్టి, ఒక పక్క కోళ్లకే పొడి పెట్టించండి. రెండు పక్కలా దాణా, బరువు, చావులు విడివిడిగా రాయించండి. అమ్మేవాడి మాట కన్నా ఆ నోటుబుక్కు నయం.

నన్నడిగితే చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు మొదటి ఖర్చు ఫ్యాన్లు, ఫాగర్లు, పైకప్పుకు సున్నం, చల్లటి నీళ్లు. ఎండలు ముదిరినప్పుడు షెడ్డులో కోళ్లు కూడా కాస్త తక్కువ వేయాలి. పొడి వీటన్నిటి తర్వాతే. గాలి ఆడని షెడ్డులో ఎంత పసుపు పెట్టినా కోడి బతకదు.