నడుము నొప్పికి గట్టి పరుపే మందా?

నడుము నొప్పి అనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి సలహా "పరుపు తీసేసి చాప మీద పడుకో" అన్నదే. షోలాపూర్‌లోనైనా, బరంపురంలోనైనా, హోసూరులోనైనా ఇందులో తేడా లేదు. పరుపుల కొట్టుకు వెళ్తే అదే మాట ఇంకో రూపంలో వినిపిస్తుంది: ఎంత గట్టిదైతే నడుముకు అంత మంచిదట. వాయిదాల మీద వేలకు వేలు పెట్టి బల్లలాంటి పరుపు కొని, కొన్నాళ్లకు మళ్లీ పాత బొంత పరుచుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఈ నమ్మకాన్ని స్పెయిన్‌లో వైద్యులు పరీక్షించి చూశారు. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, మిగతావారికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చి 90 రోజులు గమనించారు. ఫలితాలు 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గట్టి పరుపు వాళ్లకూ కొంత తగ్గింది గానీ, పడుకున్నప్పుడు నొప్పి, లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, ఈ మూడూ మధ్యరకం పరుపు వాళ్లకే ఎక్కువ తగ్గాయి.

కారణం మన ఒంటి తీరులోనే ఉంది. వెల్లకిలా పడుకుంటే నడుము దగ్గర వెన్ను కాస్త ఒంపు తిరిగి ఉంటుంది. నేల మీద భుజాలు, పిరుదులు ఆనుతాయి, నడుము గాలిలో ఉండిపోతుంది. పక్కకు తిరిగితే బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. మరీ మెత్తని పరుపులో పిరుదులు కుంగి వెన్ను ఉయ్యాలలా వంగుతుంది. బరువైన చోట కొద్దిగా దిగి, నడుము దగ్గర పట్టి ఉంచేదే మనకు కావలసిన పరుపు. 50 కిలోల మనిషికి గట్టిగా తోచే పరుపు 90 కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది. భార్యాభర్తల బరువుల్లో బాగా తేడా ఉంటే రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేసుకోవడమే తెలివైన పని.

కొట్లో అరచేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. మొహమాటపడకుండా చెప్పులు విడిచి, ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు పడుకోండి. వెల్లకిలా ఉన్నప్పుడు నడుము కిందికి చెయ్యి పోనివ్వండి. ఖాళీగా ఇటు నుంచి అటు దూరిపోతే ఆ పరుపు మీకు గట్టిది. చెయ్యి దూరకపోగా పక్కకు తిరగడానికి తంటాలు పడాల్సివస్తే మరీ మెత్తది. పక్కకు పడుకున్నప్పుడు మెడ నుంచి తుంటి దాకా వెన్ను తిన్నగా ఉందో లేదో వెంట వచ్చినవాళ్లను చూడమనండి.

ఇక "ఆర్థోపెడిక్" అన్న చీటీ. ఎముకల డాక్టరు పరీక్షించి ఇచ్చిన ముద్ర అనుకుని మోసపోకండి, అది అమ్మకానికి పెట్టుకున్న పేరు. "డెన్సిటీ 40, కాబట్టి గట్టిది" అన్న మాటా పొరపాటే. ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పేదే డెన్సిటీ. అది మన్నికకు గుర్తు, గట్టిదనానికి కాదు. 72 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 5 మందం ఉన్న 40 డెన్సిటీ ఫోమ్ సుమారు 8.5 కిలోలు ఉండాలి. 32 డెన్సిటీ అయితే 6.8 కిలోలే. గలీబు బరువు పోగా తూకం ఇంకా తక్కువ వస్తే చెప్పిన సరుకు అది కాదన్నమాట.

రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది, ఏళ్లు గడిస్తే మధ్యలో కుంగుతుంది. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే యానాం, బరంపురం లాంటి చోట్ల వేసవిలో అది కొందరికి భరించలేనంత వేడిగా అనిపిస్తుంది. లేటెక్స్ బాగుంటుంది కానీ ఖరీదు. మన పాత బూరుగు దూది పరుపును చిన్నచూపు చూడనక్కర్లేదు. తేని, బోడి ప్రాంతాల్లో ఇలవం పంజు పరుపులు ఇప్పటికీ కుట్టి ఇస్తారు. ఎంత దూది వెయ్యాలో మనమే చెప్పొచ్చు, ఉండలు కట్టినప్పుడు మళ్లీ ఏకించుకోవచ్చు. అణగారిపోయిన దూది పరుపు మాత్రం నేలతో సమానమే.

ఇంట్లో ఉన్నది మరీ గట్టిదైతే కొత్తది కొనేముందు దాని మీద ఒకటి రెండు అంగుళాల ఫోమ్ గానీ, మందపాటి బొంత గానీ వేసి రెండు వారాలు చూడండి. నవారు వదులైన మంచం మీద ఎంత మంచి పరుపు వేసినా కుంగుతుంది, కింద ప్లైవుడ్ చెక్క వేయించండి. పెద్దవాళ్లకు ఎత్తు కూడా ముఖ్యం: మంచం అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మోకాళ్ల నొప్పులున్న అవ్వలను, తాతలను నడుము పేరు చెప్పి నేల మీద పడుకోబెట్టకండి. రాత్రిపూట లేవబోయి పడిపోయే ప్రమాదం ఉంది.

పగలంతా చేట ఒళ్లో పెట్టుకుని వంగి బీడీలు చుట్టేవాళ్లకు, మగ్గం దగ్గర పనిచేసేవాళ్లకు పగటి భారం పరుపుతో పోదు. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం కూడా కావాలి. రోజుల తరబడి మంచం పట్టి ఉండమని ఇప్పుడు వైద్యులు చెప్పడం లేదు. నొప్పితో పాటు కాలు బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకు చూపించడం వాయిదా వేయకండి. నలభై దాటని వాళ్లకు తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి, తిరుగుతుంటే సడలుతుందంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి రక్తపరీక్ష, స్కాన్ కావాలి.

కొనేటప్పుడు మందం, డెన్సిటీ బిల్లు మీద రాయించుకోండి. "100 రాత్రులు వాడి చూడండి" అనే కంపెనీల దగ్గర, తిరిగి తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో, మీ ఊరికి బండి వస్తుందో లేదో ముందే అడగండి. గ్యారంటీ కార్డులో ఎంత లోతు కుంగితే మారుస్తారో చూడండి. నప్పలేదని చెబితే గ్యారంటీ కింద సాధారణంగా మార్చరు.