పరపతి నివేదిక - రైతు తెలియవలసిన సంగతులు



పూర్వము అప్పు కోరిన రైతు మాట నిలుపుకొనువాడో కాడో ఊరివారే యెరిగియుండెడివారు. 1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున పరపతి సంఘము లేర్పడినపుడు, ఒకే గ్రామమువా రొకరినొకరు ఎరిగియుండుటయే వానికి పునాది. నేడు పట్టణపు బ్యాంకు అధికారి మన ముఖ మెరుగడు. ఆయన చూచునది యొక కాగితము. దానినే క్రెడిట్ రిపోర్టు, అనగా పరపతి నివేదిక యందురు. వాడుకలో సిబిల్ అనుచున్నారు.

2005వ సంవత్సరపు చట్టము ననుసరించి నాలుగు సంస్థలు ఈ లెక్క లుంచుచున్నవి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. మన కప్పిచ్చినవారు పంపిన లెక్కలనే యివి వ్రాయును. అందు మన అప్పులు, నిలువ బాకీలు, వాయిదా దాటిన దినములు, ఇటీవల ఎవరెవరి నప్పడిగితిమో ఆ వివరములు నుండును. వీనిని బట్టి 300 మొదలు 900 వరకు అంకె వేయుదురు. అంకె పెద్దదైనకొలది నమ్మకము హెచ్చు. మన భూమి విలువగాని, బ్యాంకులో దాచిన సొమ్ముగాని అందు కానరావు.

రైతులు మూడు సంగతులు మరువరాదు. బంధువునకు జామీను నిలిచినచో, అతడు తప్పిన వాయిదా మన పరపతికిని చేటు. బ్యాంకువారు కొంత వదలుకొని పరిష్కరించిన అప్పు పూర్తిగా తీరినట్లు గాక, 'సెటిల్డ్' అని వ్రాయబడును. మాఫీ వచ్చునని చెల్లింపు నిలిపినచో, ఆ సొమ్ము ఖాతాకు జమ యగువరకు బాకీ బాకీయే.

తప్పు మనది కాకున్నను నష్టము మనకే రావచ్చును. ఒక రైతు బంగారముపై తెచ్చిన అప్పు తీర్చి నగలు విడిపించుకొనె ననుకొనుడు. ఆ చెల్లు సంగతి పంపుట బ్యాంకువారు మరచిరి. తొలకరికి విత్తనముల కప్పడుగ బోగా, పాత బాకీ యున్నదని త్రిప్పి పంపుదురు. వాన ఆగదు గదా! ఆ రైతు హెచ్చు వడ్డీకి షావుకారు వాకిట నిలువవలసినదే.

దీనికి నివారణ మన చేతిలోనే కలదు. ప్రతి సంస్థయు ఏడాది కొకమారు పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. మన నివేదికను మనమే చూచుకొన్నందున అంకె తగ్గదు. చదువుకొన్న బిడ్డలచేత తెప్పించి, పేరు, పుట్టిన తేది, పాన్ సంఖ్య, ఒక్కొక్క అప్పు సరిచూడుడు. తప్పున్నచో రశీదును, బాకీ లేదను పత్రమును చూపి, ఆ సంస్థకును అప్పిచ్చిన బ్యాంకునకును వ్రాయుడు. 30 దినములలో పరిష్కరింపకున్న, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము మనకు రావలెను. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే మొరపెట్టుకొనవచ్చును.

సొమ్మిచ్చిన బాకీ చెరిపివేయింతుమను దళారులను నమ్మకుడు. నిజమైన బాకీని చెరుప నెవరితరమును గాదు. ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెల నన్యులకు చెప్పకుడు.

ఉగాదికి పంచాంగము విన్నట్లే, ఏటేట ఆ దినములలో ఈ నివేదికను చదివించుకొనుడు. తప్పున్నచో తొలకరిలోగా దిద్దించుకొన వ్యవధి యుండును. పొలము గట్టు నెంత జాగ్రత్తగా కాచుకొందుమో, పరపతి నంత జాగ్రత్తగా కాచుకొనవలెను.