క్రిస్మస్‌కి ఏటా అదే సినిమా ఎందుకు?

అమెరికాలో క్రిస్మస్ ముందు రాత్రి ఎన్‌బీసీ చానల్ పెడితే ఏటా వచ్చే సినిమా ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’. 1946 నాటి నలుపు తెలుపు బొమ్మ, తీసింది ఫ్రాంక్ కాప్రా. సంస్థ సొమ్ము 8 వేల డాలర్లు పోయి, ఇక జైలు తప్పదనుకున్న జార్జ్ బెయిలీ వంతెన మీద నుంచి దూకబోతాడు. ఒక దేవదూత అడ్డుపడి, నువ్వే పుట్టకపోతే ఈ ఊరు ఏమయ్యేదో చూడమంటాడు. జార్జ్‌గా వేసింది జేమ్స్ స్టివార్ట్.

ఇంత పాత సినిమా ఏటా ఎందుకు? జనం కోరారనా?

కాదు. విడుదలైనప్పుడు జనం అంతగా ఎగబడలేదు. ఆస్కార్‌కి 5 నామినేషన్లు వచ్చినా, పంపిణీ చేసిన ఆర్‌కేవో లెక్కల్లో 5 లక్షల 25 వేల డాలర్ల నష్టం తేలింది.

పోనీ, పండగ సినిమా కనుకనా?

అదీ పూర్తిగా నిజం కాదు. మన చానళ్లు క్రిస్మస్‌కి ‘కరుణామయుడు’ వేస్తాయంటే అర్థముంది, అది క్రీస్తు కథ. ఇక్కడ క్రిస్మస్ రాత్రి ఎక్కువగా కనిపించేది కథ చివర్లోనే. ఆ రాత్రి కురిసే మంచు కూడా ఎండాకాలంలో కురిపించిందే. అంతకుముందు హాలీవుడ్‌లో మంచు అంటే తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్. నటులు నడిస్తే కరకరమని చప్పుడు, మాటలన్నీ మళ్లీ డబ్బింగ్ చెప్పుకోవాలి. కాప్రా మనుషులు మంటలార్పే నురగలో సబ్బూ నీళ్లూ కలిపి పెద్ద ఫ్యాన్లతో ఎగరగొట్టారు. చప్పుడు లేదు, మాటలు అక్కడికక్కడే రికార్డయ్యాయి. ఈ సినిమాకి అకాడమీ నుంచి దక్కింది ఆ మంచుకిచ్చిన సాంకేతిక పురస్కారం ఒక్కటే!

మరి అసలు కారణం?

కాపీరైట్. అప్పటి అమెరికా చట్టం ప్రకారం సినిమా మీద హక్కు 28 ఏళ్లు. గడువు తీరేలోగా దరఖాస్తు పెడితే మరో 28 ఏళ్లు. ఈ సినిమాకి గడువు 1974లో వచ్చింది. హక్కులున్న కంపెనీ దరఖాస్తు పెట్టలేదు, అంతే. ఆ తర్వాత ఏ చానలైనా ఆ ప్రింటు తెచ్చి ఎవరికీ పైసా కట్టకుండా వేసుకోవచ్చు. డబ్బుల్లేని పబ్లిక్ టీవీకీ, ఊళ్లలోని చిన్న స్టేషన్లకీ ఇంతకంటే ఏం కావాలి? ఒకే సాయంత్రం నాలుగు చానళ్లు తిప్పితే రెండింటిలో ఇదే. అలా ఇంటిల్లిపాదీ చూసి చూసి పండగలో భాగం చేసేసుకున్నారు. స్వీడన్‌లోనూ ఇలాంటిదే జరిగింది: 1960 నుంచి ఏటా డిసెంబరు 24న మధ్యాహ్నం 3 గంటలకి డొనాల్డ్ డక్ కార్టూన్లు వేస్తున్నారు. మొదలుపెట్టిన నాటికి అక్కడున్నది ఒకే చానల్. సంప్రదాయం అని మురిసిపోతాం గానీ, దాని వేళ్లు ఇలా సొమ్ములోనో, చానళ్ల కొరతలోనో ఉంటాయని నా అభిప్రాయం.

మరి ఇప్పుడు ఎన్‌బీసీ ఒక్కదానికే ఎలా చెల్లింది?

సినిమా మీద హక్కు పోయింది గానీ, దానికి మూలమైన కథ మీద పోలేదు. ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ ఆ కథని ఏ పత్రికా తీసుకోకపోతే 1943లో 200 ప్రతులు అచ్చువేయించి క్రిస్మస్ కార్డులుగా పంచాడు. 1990లో ‘రియర్ విండో’ అనే మరో సినిమా కేసులో అమెరికా సుప్రీంకోర్టు మూలకథ హక్కుదారు అనుమతి లేకుండా సినిమాని వాడుకోకూడదంది. ఆ కేసులో ఓడిన వాళ్లలో జేమ్స్ స్టివార్ట్ కూడా ఉన్నాడు! ఆ తీర్పు పట్టుకునే రిపబ్లిక్ పిక్చర్స్ అనే కంపెనీ 1993లో కథ, సంగీతం హక్కులు తమవని అడ్డుపడింది. ఉచిత ప్రదర్శనలు ఆగిపోయాయి. మరుసటి ఏడు ఎన్‌బీసీ హక్కులు కొనుక్కుంది.

ఉచితం వల్ల ఒక చేటూ జరిగింది. యజమాని లేని సినిమా కదా అని 1980ల్లో దానికి కంప్యూటర్‌తో రంగులద్దారు. కాప్రా, స్టివార్ట్ ఇద్దరూ మండిపడ్డా ఆపలేకపోయారు. రంగులద్దిన ప్రతి ఇప్పటికీ దొరుకుతోంది. చూడబోతే మాత్రం నలుపు తెలుపుదే వెతికి చూడండి.