చేలో పదును - కొలిమిలో పదును

పిల్లలూ! మన తెలుగులో "పదును" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కత్తి అంచుకు ఉండేది పదును. వాన కురిశాక, దున్నటానికీ విత్తటానికీ సరిపడా చేలో నిలిచే తేమ కూడా పదునే. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలల్లో ఈ రెండు పదునులకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని కలిపినవాడు కమ్మరి.

నల్లరేగడి చిత్రమైన నేల. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి చెయ్యి దూరేటంత సందులు పడుతుంది. వాన పడితే ఉబ్బి, కాళ్లకు బంకలా అంటుకుంటుంది. మట్టి మరీ తడిగానూ, మరీ పొడిగానూ కాకుండా ఉండేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే గుంటక తోలాలి, పత్తి విత్తాలి. అప్పుడు గుంటక పాస మొద్దుబారినా, నాగలి కర్రు విరిగినా, అది బాగయి వచ్చేలోగా చేలో పదును కాస్తా ఆరిపోతుంది. అందుకే పూర్వం తొలకరికి ముందే రైతులు కొలిమి చుట్టూ మూగేవారు. కూలి కింద పంట కళ్లంలోకి వచ్చాక ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానిని "మేర" అనేవారు.

ట్రాక్టర్లు వచ్చాక కర్రుల పని తగ్గింది. చాలా ఊళ్లలో కొలిమి ఆరిపోయింది. కాని ఆ విద్య ఆరిపోలేదు. సరదా కోసం ఇనుము సాగగొట్టటం నేర్చుకునే పెద్దలు ఈనాడూ ఉన్నారు. మీ ఇంట్లో అటువంటి నాన్నగారో, బాబాయో ఉంటే ఈ నాలుగు మాటలూ చదివి వినిపించండి. నిప్పు పని మాత్రం వారిది, మీది కాదు. మీకు వేరే పని ఉంది; అది చివర చెబుతాను.

కొలిమి ఎక్కడ పెట్టాలి?

ముందుగా చుట్టూ చూడండి. పత్తి రాశి, గడ్డివాము, ఆరబోసిన మిరపకాయలు, తాటాకు పాక - వీటిలో ఏది దగ్గర ఉన్నా అక్కడ కొలిమి పనికిరాదు. సుత్తి దెబ్బకు ఎగిరిన ఒక్క రవ్వ చాలు, ఏడాది కష్టం బుగ్గి కావటానికి. మట్టి నేల మీద, రేకులు కప్పి, పక్కలు తెరిచి ఉన్న చోటు మంచిది. గాలి ఆడాలి, పొగ పోవాలి, నీడ కూడా ఉండాలి. నీడ పని చేసేవాడి సుఖం కోసం కాదు; ఎందుకో కాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

కొలిమి అంటే బొగ్గులు పట్టేటంత చిన్న గుంట, దాని అడుగుకు గాలి చేర్చే గొట్టం, అంతే. పూర్వం తోలు తిత్తి ఊదేవారు. తరవాత చేత్తో తిప్పే గాలి చక్రం వచ్చింది. గాలి ఎక్కువైన కొద్దీ బొగ్గుకు ప్రాణవాయువు ఎక్కువ అంది, వేడి పెరుగుతుంది. పత్తి కట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది గనుక రాజేయటానికే పనికొస్తుంది. నిలకడైన వేడికి తుమ్మ బొగ్గు కావాలి. మిరప కట్టె, తాలు కాయలు మాత్రం పొరపాటున కూడా వెయ్యరాదు. ఆ ఘాటుకు మీ ఇంటివారే కాదు, పక్క వీధివారు కూడా దగ్గుతారు!

ఏమేమి కావాలి?

కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మను దాగలి అంటారు. పాత ఇనుము దుకాణంలో దొరికే బరువైన ఉక్కు దిమ్మ అయినా సరిపోతుంది. దాన్ని కదలని మొద్దులో బిగించాలి. మన కమ్మరులు దాగలిని నేలలో పాతి, కూర్చుని కొడతారు. నిలబడి కొట్టేవారు చెయ్యి వేలాడవేస్తే పిడికిలి తగిలేటంత ఎత్తులో దాన్ని ఉంచుకోవాలి. అంతకన్న ఎత్తయితే భుజం, పల్లమైతే నడుము నొప్పి పెడతాయి.

ఇక సుత్తి. పెద్ద సుత్తితో గట్టిగా కొట్టినవాడే మొనగాడని అనుకోకండి. కిలో బరువు సుత్తి చాలు. గురి తప్పిన పది దెబ్బల కన్న గురి తప్పని మూడు దెబ్బలు మేలు. పట్టకారు నోరు ఇనుము మందానికి సరిగ్గా సరిపోవాలి. లేకపోతే ఎర్రని ముక్క జారి కాలి మీద పడుతుంది. పక్కనే నీళ్ల తొట్టి, ఇసుక బకెట్టు ఉండాలి. కళ్లకు అద్దాలు, కాళ్లకు తోలు బూట్లు వేసుకోవాలి. ఒంటికి మన పత్తి బట్టే మంచిది. నైలాను బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుపోతుంది.

జింకు పూత ఉన్న రేకులు, గొట్టాలు కొలిమిలో పెట్టరాదు. వాటి పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

రంగు చెప్పే మాట

కమ్మరి దగ్గర వేడిని కొలిచే యంత్రం లేదు. అతని కన్నే యంత్రం. ఇనుము సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ముదురు ఎరుపుగా, 900 దాటాక నారింజ రంగుగా, 1,100 ప్రాంతాల పసుపుగా కనిపిస్తుంది. నారింజ నుంచి పసుపు వరకూ సాగగొట్టటానికి అనువైన వేడి. మళ్లీ ముదురు ఎరుపుకు దిగగానే సుత్తి ఆపి, ముక్కను కొలిమిలో పెట్టాలి. తెల్లబడి మతాబాలా రవ్వలు చిమ్మిందంటే ఇనుము మాడిపోతున్నదన్న మాట. ఎండలో ఈ రంగులు సరిగా తెలియవు. నీడ ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా?

నా ఉలి విరిగిన కథ

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు, ఎండాకాలం సెలవుల్లో మా ఊరి కమ్మరి తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాత లారీ కమాను పట్టీ ముక్కతో ఉలి చేయించాడు. పని సగంలో ఉండగా ఆయన భోజనానికి వెళ్లాడు. నేను ఆగలేకపోయాను. ఉలిని ఎర్రగా కాల్చి, మొత్తంగా నీళ్లలో ముంచేశాను. ఆకురాయితో రుద్దితే గీత కూడా పడలేదు. ఎంత గట్టిదో అని పొంగిపోయి, తుప్పుపట్టిన బోల్టు మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాను. ఉలి మొన ఫెళ్లున విరిగి, ఎగిరి నా కనుబొమను చీల్చింది. ఇంకొక్క అంగుళం కిందికి తగిలి ఉంటే ఈ వ్యాసం ఒంటికంటితో రాస్తూ ఉండేవాణ్ణి.

తాత పరుగున వచ్చి కట్టు కట్టాడు. నెత్తురు ఆగాక అన్నాడు: "గాజు కూడా గట్టిదే నాయనా. గాజుతో కర్రు చేస్తామా?"

ఉక్కు అంటే కొద్దిగా కర్బనం కలిసిన ఇనుము. కమాను పట్టీలో అది నూటికి సుమారు 0.6 వంతులు ఉంటుంది. బాగా ఎర్రబడినప్పుడు ఆ కర్బనం ఇనుములో లీనమవుతుంది. హఠాత్తుగా చల్లారిస్తే బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. అందుచేత ఉక్కు గట్టిపడుతుంది, కాని పెళుసవుతుంది. దానిని మళ్లీ కొంచెం వేడి చేస్తే కర్బనం కాస్త సర్దుకుని, పెళుసుతనం తగ్గుతుంది.

మరునాడు తాత ఉలిని మళ్లీ సాగగొట్టి కాల్చాడు. దానికి అయస్కాంతాన్ని తాకించి చూపాడు. అది అంటుకోలేదు! సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి లొంగటం మానుతుంది. ఇంకొంచెం కాల్చి, మొన మాత్రమే నీళ్లలో ముంచి తీసి, ఇసుకరాయితో రుద్ది మెరిపించాడు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా మొనకు పాకింది. మెరుపు మీద మొదట ఎండుగడ్డి రంగు, తరవాత గోధుమ రంగు, ఆ వెనక ఊదా రంగు వచ్చాయి. మొనకు ఊదా రంగు తగలగానే, "అదే పదును!" అని మళ్లీ ముంచేశాడు. ఆ ఉలి ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కమ్మరి కొడుకు

ఇటువంటి విద్యలో మనవాళ్లు ఒకప్పుడు ప్రపంచానికే గురువులు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసలలో కరిగించి తీసిన ఉక్కును కొనటానికి పారసీక వర్తకులు వచ్చేవారు. దక్షిణ భారతదేశపు ఇటువంటి ఉక్కును ఇంగ్లీషువారు "ఊట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" అనే మాట నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. 1819లో లండనులో ఆ ఉక్కును పరీక్షించి చూసినవాడు మైకేల్ ఫారడే. తరవాత విద్యుచ్ఛక్తి రహస్యాలు కనిపెట్టిన ఈ మహాశాస్త్రజ్ఞుడు ఒక కమ్మరి కొడుకు!

ఇక మీ పని

నిప్పు లేకుండానే మీరు సుత్తి దెబ్బ నేర్చుకోవచ్చు. చేలోంచి నల్లమట్టి తెచ్చి, నీళ్లు పోసి పిసికి, బొటనవేలంత లావు కడ్డీ చెయ్యండి. పీటమీద పెట్టి చిన్న కొయ్య సుత్తితో కొట్టండి. కాలిన ఇనుము కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. కడ్డీని గుండ్రంగా ఉంచి కొడుతూ మొన తీస్తే నడుమ పగుళ్లు వస్తాయి. అలా కాక, ముందు నాలుగు పలకలు చెయ్యండి. అలాగే సన్నగా మొన తీయండి. తరవాత అంచులు నొక్కి ఎనిమిది పలకలు చేసి, చివరికి గుండ్రం చెయ్యండి. దాన్ని వంచితే ఉట్టి కొక్కెం తయారు!

మట్టి మరీ తడిగా ఉంటే సుత్తికి అంటుకుంటుంది. ఎండితే చిట్లుతుంది. సరిగ్గా మాట వినే వేళ ఒకటి ఉంటుంది. రైతు చేలో కనిపెట్టేదీ, కమ్మరి కొలిమిలో కనిపెట్టేదీ ఆ వేళనే. నేను ఆ వేళకు ఆగలేకపోయాను. నా కనుబొమ మీద మచ్చ ఇప్పటికీ ఉంది.