బెండకాయ అచ్చు, ఉత్పలమాల, ఒక మూర మల్లెలు

"ఐదో తరగతి పిల్లలకి పువ్వుల మీద బొమ్మలు, రాత, ఏదైనా ఒక పూట నేర్పించాలి. ఎవరు వెళ్తారు?" అని మన క్లబ్ మీటింగ్‌లో అడిగినప్పుడు చెయ్యెత్తింది నేనే. ఎత్తాక భయమేసింది. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నాకు తెలిసిన తెలుగు పూల పేర్లు లెక్కపెట్టుకుంటే పది దాటలేదు. అయినా విజయవాడ అవతల ఒక ప్రభుత్వ బడికి వెళ్లొచ్చాం. మీలో ఎవరైనా ఇలాంటిది చేద్దామనుకుంటే పనికొస్తుందని ఏం చేశామో రాస్తున్నాను.

మొదటిది బెండకాయ అచ్చు. కూరకి పనికిరాని ముదురు బెండకాయలు తీసుకోండి. తొడిమ వైపు అడ్డంగా కోసి, రంగులో ముంచి, కాగితం మీద అద్దండి. ఐదు రేకుల పువ్వు పడుతుంది. ఎందుకలా అంటే కాయ లోపల సాధారణంగా ఐదు గదులుంటాయి. బెండ, మందారం, పత్తి ఒకే కుటుంబం మొక్కలు. ముద్ద మందారం కాకుండా మామూలు మందారం తీసుకుని చూస్తే రేకులు ఐదు, మధ్యలో పొడుగ్గా వచ్చే కాడ చివర చిన్న బొడిపెలు కూడా ఐదే. పిల్లలు ఇది లెక్కపెట్టాకే బొమ్మ వేశారు. వేసిన మందారాలు నిజంగా మందారాల్లాగే వచ్చాయి.

ఇక్కడే పెడన గురించి చెప్పాను. మచిలీపట్నం పక్కన ఉన్న ఈ ఊళ్లో కలంకారీ బట్టల మీద పూలూ తీగలూ చెక్క అచ్చులతోనే అద్దుతారు. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు ఆ గుడ్డ మీద పడితే నల్లగా మారుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. ఫోటోషాప్‌లో లేయర్లు వాడేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

రెండోది చప్పట్ల ఆట. గురువుకి చప్పట్టు, లఘువుకి చిటిక. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: అక్షరానికి దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, దాని తర్వాత ఒత్తక్షరం ఉన్నా గురువు. "కలువ" అంటే మూడు చిటికలు. "మందారం" అంటే మూడు చప్పట్లు. "గుమ్మడి" అంటే ఒక చప్పట్టు, రెండు చిటికలు. బోర్డు మీద నేను "నందివర్దనం" అని రాస్తే వెనక బెంచీ అబ్బాయి లేచి, "అన్నా, ధ కి కింద వత్తు ఉండాలి" అన్నాడు. దిద్దుకున్నాను. సిగ్గేసింది, కానీ ఆ తర్వాత నుంచీ వాళ్లు నాతో బాగా కలిసిపోయారు.

మన పద్యాల్లో రెండు వృత్తాలకి పూలదండల పేర్లే ఉన్నాయి. ఉత్పలమాల అంటే కలువల దండ, చంపకమాల అంటే సంపెంగల దండ. గురువుని 1, లఘువుని 0 అనుకుంటే ఉత్పలమాల పాదం 10010100010010010101. మొత్తం 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. మొదటి 1 తీసేసి అక్కడ రెండు సున్నాలు పెట్టండి. 21 అక్షరాల చంపకమాల వచ్చేస్తుంది, యతి పదకొండుకి జరుగుతుంది! ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రెండు రాత్రులు కూర్చుని ఒక్క పాదం రాశాను:

గుమ్మడి పూవువై విరిసి గొబ్బికి వన్నెలు తెచ్చినావుగా

కోడ్ మొదటిసారి ఎర్రర్ లేకుండా రన్ అయినప్పటి సంతోషం లాంటిదే ఇదీ. పిల్లలకి ఛందస్సు చెప్పలేదు, చప్పట్లతో చదివించానంతే. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద గుమ్మడి పువ్వు పెట్టడం వాళ్లకి నాకన్నా బాగా తెలుసు.

మూడోది రాత. పువ్వులు కోయకూడదు, రాలినవే ఏరుకు రావాలి అని ముందే నియమం పెట్టాను. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో అమ్మమ్మ ఇంట్లో చాలాసార్లు విన్నాను. నన్ను కోయకు అని పువ్వు వేడుకోవడం మనసులో ఉండిపోయింది. అందుకే "మీరే పువ్వు అయితే ఏం చెప్తారు?" అని అడిగాను. అందరూ "నన్ను కోయకండి" అనే రాశారు, ఒక్క పాప తప్ప. ఆ పాప రాసింది ఇది:

"నేను మల్లెపువ్వుని. మా అమ్మ నన్ను మూర కట్టి గుడి దగ్గర అమ్ముతుంది. నన్ను తొందరగా కొనండి. రాత్రికి నేను వాడిపోతాను. అప్పుడు అమ్మ ఏమీ తేదు."

నేను పైకి చదివాను. మూడో వాక్యం దగ్గర గొంతు ఆగింది. కోయకూడదన్న నియమం ఎవరి తరఫున పెట్టానో నాకే తెలియలేదు. పుష్పవిలాపం తప్పని కాదు. పువ్వు వైపు నుంచి ఆలోచించమన్నాను, ఆ పాప దండ కట్టే చేతుల వైపు నుంచి ఆలోచించింది. ఆ కాగితంలో నేను దిద్దాల్సిన తప్పు ఒక్కటీ లేదు.

మీరు వెళ్తే బెండకాయలు, రంగులు, పాత దినపత్రికలు, తెల్ల కాగితాలు చాలు. రాతకి మాత్రం ఎక్కువ సమయం ఉంచండి. ఏం రాయాలో ముందే చెప్పేయకండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఒక మూర మల్లెలు కొన్నాను. బేరం ఆడలేదు.