శంషాబాద్ దగ్గర అంటే ఎక్కడ?

కాలేజీలో కొత్త విద్యాసంవత్సరం ఆరంభమైనప్పుడల్లా మా బోటివాళ్లకు ఒక అదనపు చాకిరీ వుంటుంది. పిల్లలు నింపి యిచ్చిన దరఖాస్తులు సరిచూడటం. పుట్టిన తేదీలు, తండ్రుల పేర్లు, ధ్రువపత్రాలు, ఫోటోలు! తెలుగు ఎమ్.ఏ. చదివింది యిందుకా అని లోలోపల గొణుక్కుంటూనే ఆ పని చేస్తాను. కిందటి సంవత్సరం ఆ దొంతరలో ఒక అమ్మాయి దరఖాస్తు దగ్గర నా కలం ఆగింది. చిరునామా గడిలో ఇంటి నెంబరు లేదు, వీధి లేదు, ఊరు లేదు. ‘శంషాబాద్ దగ్గర’ అని మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాసి వుంది.

పిలిపించి అడిగాను. “శంషాబాద్ దగ్గర అంటే ఎక్కడమ్మా? ఉత్తరం వేస్తే ఎవరింటికి చేరాలి?”

ఆ పిల్ల అటూ ఇటూ చూచింది. గుమ్మం దగ్గర స్నేహితురాళ్లు ఇద్దరు నిలబడి వున్నారు. గొంతు బాగా తగ్గించి, “జల్‌పల్లి సార్” అన్నది, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు.

“జల్‌పల్లా!” అన్నాను నేను. ఆ చివరి దీర్ఘాన్ని ఎంతసేపు లాగానో ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా నాకు తట్టలేదు. ఇరవై యేళ్లుగా వ్యాకరణం చెబుతున్నవాడికి ఒక దీర్ఘం ఎంత పని చేస్తుందో తెలియకపోవటం కంటె సిగ్గుచేటు మరొకటి వుండదు.

మన నగరంలో నలుగురు కూచున్నచోట జల్‌పల్లి పేరెత్తి చూడండి. “అబ్బో, అక్కడా? పొగ, పాత ఇనుము, ప్లాస్టిక్కు గుట్టలు” అంటారొకరు. “తక్కువలో వస్తోంది గదా అని మా తోడల్లుడు అక్కడ జాగా కొని నెత్తి కొట్టుకుంటున్నాడు” అంటారు మరొకరు. చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టినవాళ్లు కారు అద్దాలు ఎత్తుకునే చోటు అది. నేనూ ఆ రోడ్డున మల్లన్న దర్శనానికి ఏ పదిసార్లో వెళ్లి వుంటాను. పదిసార్లూ అద్దం ఎత్తినవాడినే. ఒక్కసారి కూడా దిగలేదు. దిగకుండానే దీర్ఘం తీశాను!

అది మనసులో ములుకులా వుండిపోయింది. సంక్రాంతి సెలవులకు ముందు ఒక ఆదివారం ఆ అమ్మాయి తండ్రికి ఫోను చేసి, మీ ఊరు చూడటానికి వద్దామనుకుంటున్నాను అన్నాను. ఆయన కొంతసేపు పలకలేదు. తరువాత, “మా ఊర్లె చూసెటందుకు ఏమున్నది సార్?” అన్నాడు. ఎగతాళి చేస్తున్నానేమోనన్న అనుమానం ఆ గొంతులో వుంది. “వచ్చి చూస్తే గదా తెలిసేది” అన్నాను.

బస్సులో బయలుదేరాను. దారిలో బార్కాస్ దగ్గర జామపండ్లు కనిపించేసరికి దిగాను. అక్కడి జామపండు సంగతి పాతబస్తీలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. బార్కాస్ అంటే ఏదో అరబ్బీ మాట అనుకునేవాణ్ణి. కాదు. సైనికుల బసలకు ఇంగ్లీషులో చెప్పే ‘బ్యారక్స్’ అన్న మాటే జనం నోళ్లలో తారుమారై బార్కాస్ అయింది. వర్ణవ్యత్యయానికి క్లాసులో వెతుక్కోనక్కరలేని ఉదాహరణ. యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బులు వుండిన చోటది. 1948లో నిజాం రాజ్యంతో పాటు ఆ కొలువూ పోయింది. మనుషులు మాత్రం ఇక్కడే నిలిచిపోయారు. వారి మనుమలూ మునిమనుమలూ అడ్డలుంగీలు కట్టి, పొద్దున్నే హరీస్ కోసం అంగళ్ల దగ్గర నిలబడతారు. నేను శాకాహారిని కనుక హరీస్ గురించి చెప్పే అధికారం లేదు. గహ్వా మాత్రం తాగాను. అల్లం, సుగంధద్రవ్యాలు వేసిన ఆ వేడి పానీయం చలిపొద్దున గొంతులో దిగుతుంటే, మా వీధి చివర హోటలు కాఫీ మీద నాకున్న భక్తి కొంచెం సడలింది.

అక్కడినుంచి ముందుకు పోతే పహాడీ షరీఫ్. కొండమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా. సుహ్రవర్దీ సంప్రదాయానికి చెందిన ఆ సూఫీ ఇరాక్ దేశం నుంచి 13వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చాడు. ఆ లెక్క ఒకసారి వేసుకోండి. చార్మినారు కట్టింది 1591లో. గోలకొండ సుల్తానులు ఇంకా పుట్టనే లేదు. ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్న రోజులవి. మనం నగరానికి శివారు అని చిన్నచూపు చూస్తున్న ఈ కొండ, నగరం కంటె మూడు వందల యేళ్లు పెద్దది! షాబాన్ మాసంలో ఉర్సు జరుగుతుంది. మిగతా రోజుల్లోనూ మొక్కుబడులున్నవాళ్లు మతభేదం లేకుండా మెట్లెక్కుతూనే వుంటారు. నేనెక్కిన పూట నా ముందు ఒక ముసలమ్మ, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు, చేతిలో పూలచాదరు, మెట్టుకొకసారి ఆగి “దేవుడా” అనుకుంటూ ఎక్కుతున్నది. ఏ దేవుడా అని అడిగే తెలివితక్కువ పని నేను చేయలేదు.

పైనుంచి చూస్తే నాలుగు దిక్కులా రాళ్లు. ఎవరో పేర్చి పోయినట్టు ఒకదాని మీద ఒకటి గుండ్లు. ఈ దక్కను గ్రానైటు వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. వాటి నడుమ ఇండ్లు, రేకుల షెడ్లు, సన్నటి పొగతీగలు, ఒకచోట నీళ్ల తళుకు. వాటిమీదుగా శంషాబాద్‌లో దిగబోయే విమానాలు. దూరపు కొండలు నునుపని అంటారు గాని, దగ్గరి కొండల్ని ఎక్కి చూచినవాళ్లు మనలో ఎందరు?

కిందికి దిగేసరికి అమ్మాయీ, ఆమె తాతగారూ నా కోసం నిలబడి వున్నారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతికర్ర. పిల్ల మాట్లాడకుండా తల వంచుకుని నడుస్తున్నది. తాతగారికి అటువంటి మొగమాటం లేదు. “ముందుగాల చెర్వు సూడు సారూ. తర్వాత ఇల్లు” అని దారి తీశాడు.

జల్‌పల్లి పేరులోనే జలం వుంది. చెరువును అంత దగ్గరగా చూచాక ఆ పేరు నాకు తేటపడింది. కట్టమీద నిలబడితే చలిగాలికి నీళ్లు సన్నగా ముడతలు పడుతున్నాయి. కొంగలు, నీటికాకులు, నల్లటి బొల్లికోళ్లు. ఒక రాతిగుండు నీళ్లల్లో సగం మునిగి, ఏనుగు స్నానం చేస్తున్నట్టు వుంది. తాతగారు కర్రతో చూపుతూ పాఠం మొదలుపెట్టారు. ఇది కట్ట, ఆ లోతట్టు శిఖం. తూము తెరిస్తే నీళ్లు కాలువలో పడి పొలాలకు పోతాయి. ఎవరి మడికి ఎంత పారాలో చూచేందుకు నీరటి వుండేవాడు. చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ అలుగు నీళ్లు వృథాగా పోవు, కిందున్న చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కిందిది. ఇట్లా గొలుసుకట్టుగా పెద్దలు అల్లిపెట్టిన ఏర్పాటు కాకతీయుల నాటినుంచి తెలంగాణకు ప్రాణాధారం. 2015లో ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేయాలని పూనుకున్నది ఈ గొలుసును నమ్మే.

“మా నాయిన దినాలల్ల గీ తూము కింద వరి పండిచ్చినం సారూ. గిప్పుడు గా కాల్వ మీద ఇండ్లున్నయి” అన్నాడు ముసలాయన. చెప్పటంలో కోపం లేదు. నిన్న వర్షం పడింది అన్నట్టే చెప్పాడు.

ఇంటికి వెళ్లాం. రెండు గదులు, ముందర వేపచెట్టు. అమ్మాయి తల్లి సర్వపిండి చేసి పెట్టింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నె అడుగున కాల్చిన ఆ పిండివంట వేడివేడిగా తిని, మరొక ముక్క అడిగి వేయించుకున్నాను. అప్పటికి ఆవిడ మొహంలో బెరుకు తగ్గింది. మాటల మీద పెద్దకూతురి సంగతి వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. పోయినేడాది నగరం నుంచి పెళ్లిచూపులకు వస్తామన్నారు. పిండివంటలు చేసుకుని పొద్దుటినుంచి ఎదురుచూచారు. వచ్చినవాళ్లు పెద్దరోడ్డు మలుపు దాకా వచ్చారట. అక్కడ ఎవరో ప్లాస్టిక్కు తగలబెడుతున్నారు. కారు అక్కడే ఐదు నిమిషాలు ఆగి, వెనక్కు తిరిగింది. తరువాత ఫోనులో, “పిల్ల బాగానే వుంటుందండీ, ఏరియానే…” అని అన్నారట.

“పిల్లను సూడనే లేదు సార్. పొగను సూసి పోయిన్రు” అన్నది ఆవిడ.

మా విద్యార్థిని చిరునామా గడి ఎందుకు ఖాళీగా వదిలిందో నాకప్పుడు తెలిసింది.

పొగ అబద్ధం కాదు. నేనూ చూచాను, దగ్గాను కూడా. చెరువుకు ఒక మూల సంచులూ సీసాలూ గుట్టలు పడి వున్నాయి. ఆ మూల వాసనకు ముక్కు మూసుకున్నాను. అది చెప్పకుండా కొంగల్ని మాత్రం వర్ణిస్తే పాఠకుల్ని మోసం చేసినవాణ్ణవుతాను. కాని ఆ చెత్త ఎక్కడిది? జల్‌పల్లిలో పదిమంది తిని పారేసింది కాదు గదా. నగరంలో మీరూ నేనూ వాడి అవతల పడేసిన కుర్చీలు, బకెట్లు, సీసాలు ఇటువంటి శివార్లకే చేరతాయి. ఇక్కడ కూలివాళ్లు వాటిని వేరు చేసి, కరిగించి, మళ్లీ వస్తువులు కావటానికి పంపిస్తారు. మన ఇల్లు శుభ్రంగా వుండటానికి ఒక ఊరు పేరు చెడగొట్టుకున్నది. పైగా మనమే అద్దాలు ఎత్తుకుంటాం!

ఊళ్లకు పేర్లు రావటం, పోవటం చిత్రంగా వుంటుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం కాకముందు మాదాపూర్ అంటే రాళ్లూ తుప్పలే. అక్కడ స్థలం కొన్నవాణ్ణి చుట్టాలు జాలిగా చూచేవారు. 2008లో విమానాశ్రయం వచ్చేదాకా శంషాబాద్ ఎవరికి కావాలి? ఇవాళ ఒక పిల్ల తన ఊరు దాచుకోవటానికి ఆ పేరు చాటు చేసుకుంటున్నది. జల్‌పల్లికి పక్కనే వున్న బాలాపూర్ సంగతి చూడండి. 1994లో వినాయకుడి లడ్డూను 450 రూపాయలకు వేలం పాడారు. 2025లో అదే లడ్డూ పాట 35 లక్షలకు వెళ్లింది. లడ్డూ ధర పెరిగినకొద్దీ ఊరికీ పేరు పెరిగింది. చెరువుకు వేలంపాట లేదు, అదే దాని దురదృష్టం.

పోనీ పేరున్న చోటికి మాత్రం ఏం ఒరిగింది? ఇబ్రహీంపట్నం మీదుగా మంచాల దాటి పోతే రాచకొండ వస్తుంది. రేచర్ల పద్మనాయకుల రాజధాని. ‘రసార్ణవసుధాకరం’ అనే నాట్యలక్షణ గ్రంథం వ్రాసిన సింగభూపాలుడు ఏలిన చోటు. విశ్వేశ్వరకవి ‘చమత్కారచంద్రిక’ను అంకితం చేసుకున్న రాజు ఆయనే. సున్నం లేకుండా రాతిమీద రాయి పేర్చి కట్టిన గోడలు ఇంకా నిలబడే వున్నాయి. మా కాలేజీలో రాచకొండ అంటే ఏమిటని అడిగితే, తొంభైమంది “పోలీసు కమిషనరేటు సార్” అన్నారు. 2016లో ఆ పేరుతో కమిషనరేటు పెట్టారు కనుక పిల్లల్ని తప్పుపట్టను. తెలుగు చెప్పేవాణ్ణి, ఆ తప్పు నా ఖాతాలోనే వ్రాసుకున్నాను.

మళ్లీ జల్‌పల్లికి వస్తాను. చెరువుల మాటను తేలికగా తీసుకున్నందుకు ఈ ప్రాంతం అనుభవించిన శిక్ష అందరికీ గుర్తుండే వుంటుంది. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ ఇండ్లల్లోకి నీళ్లు వచ్చాయి. జల్‌పల్లి పురపాలక సంఘంలో వుండిన ఉస్మాన్‌నగర్ వీధులు నెలల తరబడి నీళ్లల్లో నానాయి. పేదవాళ్లు పైసా పైసా కూడబెట్టి కొన్న ప్లాట్లు అవి. కాగితం మీద స్థలం, వర్షాకాలంలో చెరువు. అమ్మినవాడు ఎండాకాలంలో చూపించి వుంటాడు.

సెలవుల తరువాత కాలేజీలో ఈ ప్రయాణం సంగతి వర్ణించి వర్ణించి చెప్పాను. అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన నమ్మలేదు. “నీళ్లు కనిపిస్తే చాలు, మీ తెలుగువాళ్లు మానససరోవరం అంటారు” అన్నాడు. ఆ మాట మీద ఒక ఆదివారం ఆయన్ను కూడా లాక్కుపోయాను. తాతగారు ఎప్పటిలాగే చేతికర్రతో కట్టమీదికి తీసుకువెళ్లాడు. ఈసారి అమ్మాయి మాకంటె ముందు నడుస్తూ తూము ఎక్కడుందో, అలుగు ఎటు పారుతుందో తనే చెప్పింది. ఎండ నీళ్లమీద పడి మెరుస్తున్నది. కొంగలు వరసగా లేచి రాతిగుండు మీద వాలాయి. మిత్రుడు చేతులు వెనక్కు కట్టుకుని పావుగంట సేపు మాట పలుకు లేకుండా నిలబడ్డాడు. పందెం గెలిచానని నేను లోలోపల సంతోషపడుతున్నాను.

చివరికి ఆయన గొంతు సవరించుకుని, “ఇక్కడ గజం ఎంత వుంటుందండీ?” అని తాతగారిని అడిగాడు.

ముసలాయన ఆయన్ను ఎగాదిగా చూచి, కర్రతో నీళ్లను, ఆ తరువాత కట్టను చూపుతూ అడిగాడు.

“నీళ్లల్లదా సారూ, ఒడ్డుమీదదా?”