వార్తల్లో పదం: లోక్ అదాలత్

తణుకులో ఒకే గోడకు అటు టిఫిన్ సెంటరు, ఇటు బట్టల కొట్టు ఉన్నాయనుకుందాం. రెండూ అద్దెవే. అంట్లు తోమే తొట్టి పైపు కారి గోడంతా చెమ్మెక్కింది. కింది అరలో చీరలకు మరకలు పడ్డాయి. ‘నీ పైపే’ అంటారు ఒకరు; ‘గోడ పాతది, ఓనర్ని అడుగు’ అంటారు ఇంకొకరు. ఇలాంటి తగాదాకు కోర్టు మెట్లెక్కకముందే ఉన్న దారి లోక్ అదాలత్.

1982లో గుజరాత్‌లోని జునాగఢ్ జిల్లాలో మొదలైన ఈ పద్ధతికి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం అండగా నిలిచింది. ఆ చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. కేసు వేయకుండానే న్యాయ సేవాధికార సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇక్కడ తప్పొప్పులు తేల్చరు, రాజీ కుదురుస్తారు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇచ్చే రాజీ ఉత్తర్వు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. కుదరకపోతే కోర్టు దారి ఎలాగూ ఉంది.

వెళ్లేటప్పుడు గోడ ఫొటోలు, సరుకు బిల్లులు, అద్దె కాగితం వెంట ఉండాలి. ఓనర్నీ పిలిపించమనాలి. గోడలో పైపు బాగుచేయించాల్సింది ఎవరో తేలాలిగా! సలహాకు ఫోన్ నంబరు 15100.